దీపస్తంభం వెనకాల

"మీరు ముల్తె పళ్ళు ఎక్కడ కోస్తారండీ?"

ఆ ప్రశ్నతో సిగ్వె కొట్లో మాటలన్నీ ఆగిపోయాయి. బ్రెడ్డు తీసుకోబోయిన ఒకావిడ చెయ్యి బ్రెడ్డు మీదే ఉండిపోయింది. ఫెర్రీ కెప్టెన్ ఊడ్వార్ కాఫీ కప్పును పెదాల దాకా తీసుకెళ్ళి, అక్కడే ఆపి, కళ్ళు మాత్రం ఇటు తిప్పాడు.

అడిగిన అమ్మాయి వానలో తడిసి వచ్చింది. పసుపు రంగు రెయిన్‌కోటు అంచుల నుంచి నీళ్ళు కారి, సిగ్వె పొద్దున్నే తుడిచిన నేల మీద చిన్న చెరువు తయారవుతోంది. ఆ సంగతి ఆమెకు పట్టినట్టు లేదు. కాలం తనకు కలిసి వస్తుందని నమ్మే మనిషిలా నిటారుగా నిలబడింది.

హెస్ట్‌విక్‌లో ఎవరినైనా నీ జీతమెంత అని అడగొచ్చు. గొంతు కొంచెం తగ్గించి, నీ మొగుడితో ఎందుకు పడటం లేదని కూడా అడగొచ్చు. ముల్తె పళ్ళు ఎక్కడ కోస్తావని మాత్రం అడగకూడదు. బురదనేలలో కాడకొక్క పండు చొప్పున, ఏడాదిలో కొద్ది రోజులే పండే సరుకు అది. ఎవరి తావు వాళ్ళకే తెలుసు. తండ్రి కొడుక్కి చూపిస్తాడు, అదీ కొడుకు నోరు కట్టుకునే రకమైతేనే.

సిగ్వెకు ఇరవై ఎనిమిదేళ్ళు. కొట్టు తాత నాటిది. లోపలికి వచ్చినవాడి నడక చూసి ఏం కొంటాడో, ఎంత గీచి గీచి బేరమాడతాడో చెప్పగలనని అతని నమ్మకం. ఆ నమ్మకం వమ్మైన రోజులు తక్కువే.

"దీపస్తంభం వెనకాల," అన్నాడు రెప్ప వెయ్యకుండా.

"దూరమా?"

"గాలి మీ వైపుంటే దగ్గరే."

ఊడ్వార్‌కి కాఫీ పొలమారింది.

"చాలా థాంక్సండీ. ఇక్కడివాళ్ళు ఎవరికీ ఏమీ చెప్పరని అన్నారు. ఎంత అన్యాయం!" అని ఆమె నవ్వి, ఓట్స్, గుడ్లు, చిక్కటి పుల్లమజ్జిగ, యాపిల్ పళ్ళు బల్ల మీద పెట్టింది. "ఏలకులు గింజలున్నాయా, పొడేనా?"

"గింజలు అడిగేవాళ్ళు ఈ మధ్య లేరండి."

"ఇక ఉంటారు. తెప్పించండి."

తలుపు మూసుకోగానే ఊడ్వార్ మూతి తుడుచుకున్నాడు. "ఒరేయ్, పాపంరా. ఆ పిల్ల నిజంగా వెళ్తుంది."

"వెళ్ళనీ. నడక ఒంటికి మంచిది."

"ఎవరనుకున్నావు? లాడ్జి యజమాని తూరున్ మేనకోడలు ఇంగ్విల్డ్. బెర్గెన్ నుంచి నా ఫెర్రీలోనే దిగింది. లాడ్జి ఈ వేసవి తనే నడుపుతుందట."

ఆ ముక్క సిగ్వెకు ముందే తెలుసు. రేవు పక్కనున్న ఆ లాడ్జి మీద అతని కన్ను పడి చాలా కాలమైంది. ఫెర్రీలోంచి దిగిన సరుకు అతని కొట్టు ముందు వానలో నానుతుంటే, నాలుగడుగుల దూరంలో ఆ ఇంటికి పొడి నేలమాళిగ, సరుకు దింపుకునే సొంత పడవరేవు ఉన్నాయి. అలాంటిది గోడౌన్ కాకుండా లాడ్జిగా పడి ఉండటం అతని దృష్టిలో దేవుడి లెక్కలో దొర్లిన తప్పు. తూరున్ ఒక మాట అనేసింది కూడా: "ఈ వేసవి మా పిల్లది. మంచాలు నిండితే ఇల్లు దానికే ఇస్తాను. నిండకపోతే నీకమ్ముతాను. ఆగస్టులో వచ్చి నా కళ్ళతో చూసి తేలుస్తా."

సిగ్వె సరేనన్నాడు. తొందరేముంది? ఒక పక్క బెర్గెన్ పిల్ల, ఇంకో పక్క ఉత్తరపు గాలి. ఇందులో పందెం కాయడానికి కూడా ఏమీ లేదు.

మర్నాడు పొద్దున రేవు దగ్గర ఒక పలక వెలిసింది. రంగు సుద్దతో పెద్ద పెద్ద అక్షరాలు.

"ఉదయం ఫలహారం: వేడి వేడి వాఫుల్స్, తాజా బ్లూబెర్రీలతో. పళ్ళు దీపస్తంభం దారిలో కోసినవి. దారి చెప్పిన కొట్టు సిగ్వె గారికి కృతజ్ఞతలు."

ఫెర్రీ దిగినవాళ్ళు ఆ పలక చదివి, కొట్టు వైపు చూసి, నవ్వుతూ లాడ్జిలోకి వెళ్తున్నారు. సిగ్వె రెండుసార్లు చదివాడు. తనను ఎవరైనా ఇంత చక్కగా, ఇంత మర్యాదగా తిట్టడం అదే మొదలు. ఆప్రాన్ విప్పి నేరుగా లాడ్జి వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళాడు.

ఇంగ్విల్డ్ పొయ్యి దగ్గర ఉంది. వాఫుల్ అట్టు కాలుతున్న అచ్చుపెనం మూత సందుల్లోంచి ఆవిరి బుసకొడుతోంది. వంటిల్లంతా ఏలకుల వాసన. ఆమె నోటి చుట్టూ నీలం రంగు. కోసిన పళ్ళలో ఎన్ని బుట్టలోకి వెళ్ళాయో, ఎన్ని నోట్లోకి వెళ్ళాయో ఆ పెదాలే సాక్ష్యం చెబుతున్నాయి. సిగ్వె ఆ పెదాలను అవసరమైనదానికన్నా ఒక్క క్షణం ఎక్కువ చూశాడు. ఆ క్షణం ఏ ఖాతాలో పడుతుందో అతనికి అప్పుడు తెలియదు.

"దీపస్తంభం వెనకాల ఏమున్నాయో చూశారా?" అంది ఆమె తిరక్కుండానే.

"చిన్నప్పుడు చూశాను."

"రాళ్ళు. సముద్రపు కాకులు. ఒక గొర్రె. ఆ గొర్రె నన్ను చూసి జాలిపడింది."

"దాని పేరు డాగ్నీ. అందరి మీదా జాలిపడుతుంది."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది.

"అయినా పొద్దున్నే వాఫుల్స్ ఏమిటండీ?" అన్నాడు సిగ్వె. "ఇక్కడ పొద్దున్న తినేది బ్రెడ్డు, చేప, బ్రౌన్ చీజ్. వాఫుల్ అంటే ఆదివారం సాయంత్రం, పక్కన కాఫీ. లేకపోతే ఊరంతా కలిసి బడికి రంగులేసే రోజు. పొద్దున్నే వాఫుల్ పెట్టడమంటే లేవగానే పెళ్ళిభోజనానికి కూర్చోబెట్టినట్టే."

"అది మీ వాఫుల్. మైదా, పంచదార, పైన జామ్. తిన్నాక నిద్రొస్తుంది. ఇది చూడండి." గిన్నె అతని ముందుకు జరిపింది. "ఓట్స్ పిండి, పుల్లమజ్జిగలో రాత్రంతా నానింది. పంచదార లేదు, తురిమిన యాపిలే తీపి. పళ్ళు పిండిలో కలపను. కలిపితే పెనానికి అంటుకుని మాడతాయి. దించాక పైన, ఫోర్కుతో కొంచెం మెదిపి వేస్తాను. ఇది తిని కొండెక్కినవాడు మధ్యాహ్నం దాకా ఆకలి అనడు."

"అమ్ముడుపోదు."

"మీరు తిని చెప్పండి."

పెనం మీది వాఫుల్ వంక చూసి, చెయ్యి ఊరుకోక సిగ్వె మూత ఎత్తాడు.

"అయ్యో, ఇంకా..." అనేలోపే వాఫుల్ రెండుగా చీలింది. పై సగం మూతకీ, కింది సగం పెనానికీ పట్టుకుని సాగింది.

"ఆవిరి ఆగేదాకా మూత తియ్యకూడదు," అందామె. "ఎన్ని తక్కెళ్ళు తూచి ఏం లాభం? ఓపిక లేదు మీకు."

చీలిన ముక్కల్ని గీకి, పళ్ళెంలో వేసి, పైన బ్లూబెర్రీలు చెంచాతో పోసి అతని ముందు పెట్టింది. "మొదటి వాఫుల్ ఎప్పుడూ పాడవుతుంది. ఇంట్లో కుక్క ఉంటే దానికి పెడతాం. ఇక్కడ కుక్క లేదు."

సిగ్వె తిన్నాడు. వేడి, పులుపు, యాపిల్ తీపి, ఆ తర్వాత నెమ్మదిగా వచ్చే ఏలకుల ఘాటు. సరుకు మంచిదో కాదో నాలుకకు తెలుస్తుంది. నాలుకతో వాదించి గెలిచిన వర్తకుడు లేడు.

"ఎలా ఉంది?"

"చీలింది," అన్నాడు. పళ్ళెం మాత్రం ఖాళీ.

అలా బేరం కుదిరింది. పొద్దున్నే అతను గుడ్లు, మజ్జిగ తెచ్చి వంటింటి తలుపు దగ్గర పెడతాడు. ఆమె పెనం మీది మొదటి వాఫుల్, చీలినా మాడినా, అతనికి పెడుతుంది. గుడ్లు తీసుకెళ్ళడానికి కొట్లో పనివాడున్నాడని ఊడ్వార్ గుర్తుచేస్తే, గుడ్లు సున్నితమైన సరుకని, స్వయంగా మొయ్యాలని సిగ్వె జవాబు.

"నీ గుండె కన్నానా?" అన్నాడు ఊడ్వార్.

"నీ ఫెర్రీ ఆలస్యమవుతోంది, పో."

నిజంగానే ఆలస్యమవుతోంది. కెప్టెన్ రోజూ పొద్దున లాడ్జిలో కూర్చుని వాఫుల్ తింటుంటే ఫెర్రీ బయల్దేరడం లేదు. అవతలి ఒడ్డున ఎదురుచూసేవాళ్ళు తిట్టుకుని, తర్వాత ఆరా తీసి, ఇప్పుడు తిట్టడం మాని వాళ్ళే ఇవతలికొచ్చి తింటున్నారు. కొండలెక్కే కుర్రాళ్ళు, సైకిళ్ళ మీద వచ్చిన డచ్చి జంటలు, చేపల పడవలవాళ్ళు. పైన గదుల్లో దీపాలు వెలుగుతున్నాయి.

కొట్టు కిటికీలోంచి ఆ దీపాలు చూస్తూ సిగ్వె మనసులో లెక్క వేసుకునేవాడు. తను తెచ్చిన గుడ్లతో ఆమె గదులు నింపుకుంటోంది. గది నిండిన కొద్దీ గోడౌన్ వెనక్కి జరుగుతోంది. తన తాడుతో తనే తన పడవను అవతలి రేవుకు కట్టేస్తున్నాడు. ఇంత తెలివితక్కువ వ్యాపారం వాళ్ళ వంశంలో ఎవరూ చెయ్యలేదు. మరి పొద్దున్నే లేస్తే కాళ్ళు ఎందుకు అటే వెళ్తున్నాయి?

"ఇవాళ చీలలేదేం?" అన్నాడు ఒకరోజు నిరాశగా.

"పెనం మాట వినడం నేర్చుకుంది," అంది ఇంగ్విల్డ్. "మీరెప్పుడు నేర్చుకుంటారో."

"నేనేం విననన్నాను?"

"అన్నీ వింటారు. నిజం మాత్రం చెప్పరు. ముల్తె పళ్ళు ఎక్కడ?"

"దీపస్తంభం వెనకాల."

తడి గుడ్డ విసిరింది. అతను వంగి తప్పించుకున్నాడు. గుడ్డ వెళ్ళి ఊడ్వార్ కాఫీలో పడింది.

ఆగస్టు వచ్చింది. కొండలెక్కే క్లబ్బు ఒకటి ఇంగ్విల్డ్‌కి ఫోన్ చేసింది. మొత్తం లాడ్జి కావాలి, శనివారం పొద్దున ఫలహారంతో సహా. నచ్చితే ప్రతి వేసవీ ఇక్కడే దిగుతారు. తూరున్ అత్త కూడా అదే శనివారం వస్తానంది. ఇంగ్విల్డ్ ఉత్సాహంలో మాట జారింది: "శనివారం మీకు ముల్తె పళ్ళ వాఫుల్స్!"

ఫోన్ పెట్టాక ఊరంతా తిరిగింది. ఎవరూ కాదనలేదు, అవుననలేదు. ఒకరు వాతావరణం గురించి మాట్లాడారు. ఒకరు ఆమెకు బలవంతంగా క్యారెట్లు ఇచ్చారు. ఇళ్ళలో ఉన్నవి క్రిస్మస్‌కి దాచుకున్నవి. సిగ్వె కొట్టులోకి వచ్చినవి ఎప్పుడో పట్నం చేరాయి.

ఆ సంగతి చెబుదామని ఆమె ఊడ్వార్ దగ్గర కూర్చుంది. పెద్దాయన మెత్తబడ్డాడు. మెత్తబడినప్పుడే మనిషి నోరు జారేది.

"ఏం కాదులే అమ్మాయ్. ఇల్లు పోయినా బయటివాడికి పోదు కదా. సిగ్వే కొంటాడు. మంచి కుర్రాడు, ఇల్లు పడగొట్టడు, సరుకు నింపుకుంటాడంతే..."

ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. అప్పటికే ఆలస్యమైంది, ఈసారి ఫెర్రీ కాదు.

సిగ్వె కొట్టు మూస్తుండగా వచ్చింది ఇంగ్విల్డ్. మళ్ళీ వాన. అదే పసుపు కోటు. ఈసారి తలుపు బయటే నిలబడింది.

"నేను ఓడిపోతే ఇల్లు నీదంట కదా."

మీరు పోయి నువ్వు వచ్చింది. ఇంకో రోజైతే అతను సంతోషించేవాడు.

"అవును," అన్నాడు.

"అందుకేనా దీపస్తంభం?"

"కాదు. ఆ మాట నేను చర్చి ఫాదర్‌కీ చెప్పాను. మా చిన్నాన్నకీ చెప్పాను. ఎవరడిగినా అదే చెప్తాను."

"మరి రోజూ గుడ్లు తెచ్చి, వంటింట్లో కూర్చుని, నా దగ్గర ఎంతమంది తింటున్నారో లెక్కపెట్టుకున్నావా?"

"లెక్కపెట్టాను," అన్నాడు సిగ్వె. అబద్ధం నాలుక మీద సిద్ధంగానే ఉంది, కానీ రాలేదు. "మొదట్లో."

"ఆ తర్వాత?"

సరుకు గురించి గంటసేపు మాట్లాడగలిగిన మనిషి, తన గురించి ఒక్క ముక్క దగ్గర ఇరుక్కుపోయాడు. ఆమె కోటు టోపీ తల మీదికి లాక్కుని వానలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు గుడ్ల బుట్టతో వెళ్తే వంటింటి తలుపు గడియ పెట్టి ఉంది. మెట్టు మీద నిన్నటి బుట్ట ఖాళీగా, కడిగి పెట్టి ఉంది. వాఫుల్ లేదు. చీలింది కూడా లేదు.

సిగ్వె అక్కణ్ణించి కొట్టుకి కాక, నేరుగా నానమ్మ ఇంటికి వెళ్ళాడు. నానమ్మ అస్లౌగ్ కిటికీ దగ్గర కూర్చుని మేజోడు అల్లుతోంది. మనవడి ముఖం చూసి సూదులు ఆపింది.

"ఏరా, ఇవాళ కుక్కకి కూడు పెట్టలేదా ఆ పిల్ల?"

"నీకెవరు చెప్పారు?"

"ఊడ్వార్ ఫెర్రీలో సరుకు కన్నా కబుర్లే ఎక్కువ మోస్తాడు. కూర్చో."

కూర్చోలేదు. "నానమ్మా, పై బురదనేలకి ఆమెను తీసుకెళ్తాను. నీ మాట కావాలి."

ముల్తె తావు కుటుంబంలో నానమ్మది. తాత పోయాక ఆమె మాట లేకుండా ఎవరూ బయటివాళ్ళని అక్కడికి తీసుకెళ్ళరు. ఇప్పటిదాకా తీసుకెళ్ళిందీ లేదు.

"పళ్ళు కావాలంటే నువ్వే కోసుకొచ్చి ఇవ్వు. చూపించడం ఎందుకు?"

"తెచ్చిస్తే సరుకవుతుంది నానమ్మా. సరుకు ఎవరైనా ఇస్తారు."

నానమ్మ కళ్ళజోడు పైకి తోసింది. "మీ తాత నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగలేదు, తెలుసా? ఒకరోజు పొద్దున్నే వచ్చి నడవమన్నాడు. బురదలో మోకాళ్ళ దాకా దిగాక ఆ పసుపంతా చూపించి, నా చేతిలో బకెట్ పెట్టాడు. ఇంకేం అడగాలి?"

"అందుకే నీ దగ్గరికొచ్చాను."

"ఆ పిల్ల చూసి, కోసుకుని, వచ్చే ఫెర్రీ ఎక్కి బెర్గెన్ వెళ్ళిపోతే? ఊరందరికీ చెప్పేస్తే? చూపించింది వెనక్కి తీసుకోలేవురా."

"తెలుసు."

"తెలిసే చేసుకునే నష్టమా ఇది?"

"తెలిసే."

మనవడు నష్టం అనే మాటను ఇంత నిబ్బరంగా ఒప్పుకోవడం ఆమె ఎప్పుడూ వినలేదు. లేచి, గూట్లోంచి మూత ఉన్న పాత రేకు బకెట్ తీసింది. పిడి దగ్గర తాత చెక్కిన గీతలున్నాయి.

"ఇదుగో. నేరుగా నడవకు. ముందు రేవు వైపు పోయి, చుట్టూ తిరిగి ఎక్కు. డాక్టర్ వాళ్ళ ఆవిడ బైనాక్యులర్స్ కొనుక్కుంది."

అక్కడే నానమ్మ ఫోన్ తీసుకుని అతను తూరున్‌కి ఒక్క మాట చెప్పాడు: "నాకు ఇల్లు అక్కర్లేదు. గదులు నిండినా నిండకపోయినా అక్కర్లేదు." ఎందుకని ఆవిడ అడిగితే, లైన్ సరిగా లేదన్నాడు.

శనివారం తెల్లవారింది. వాన వెలిసి కొండలు కడిగినట్టున్నాయి. ఇంగ్విల్డ్ పిండిగిన్నె ముందు తల పట్టుకుని కూర్చుంది. ఆ పక్కన ఊరివాళ్ళిచ్చిన క్యారెట్లు గుట్టగా ఉన్నాయి. తలుపు చప్పుడైంది.

"బూట్లు వేసుకో," అన్నాడు సిగ్వె.

"ఎక్కడికి? దీపస్తంభానికా? డాగ్నీకి నా నమస్కారాలు చెప్పు."

"నీ అతిథులు ఇంకా నిద్ర లేవలేదు కదా. వాళ్ళు లేచేలోపు వచ్చేస్తాం."

అతని చేతిలో పాత బకెట్ చూసింది. ఏదో అనబోయి, మానేసి, బూట్లు తొడుక్కుంది.

రేవు వైపు నడిచారు. పడవల షెడ్డు దాటాక అతను వెనక్కి చూసి, ఒక్కసారిగా ఆమె చెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాగాడు.

"ఏమైంది?"

"ష్. డాక్టర్ వాళ్ళ ఆవిడ కిటికీ."

"మనం దొంగతనానికి వెళ్తున్నామా?"

"అంతకన్నా పెద్ద పనికి."

బిర్చ్ చెట్ల మధ్య నుంచి ఎక్కారు, వాగు దాటారు, మళ్ళీ దిగారు, మళ్ళీ ఎక్కారు. ఒకచోట ఆమె బూటు బురదలో ఇరుక్కుంది. కాలు వచ్చింది, బూటు రాలేదు. అతను వంగి బూటు లాగి, నీళ్ళు ఒంపి, ఆమె కాలికి తొడిగాడు. ఆమె అతని భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడింది. బూటు తొడిగాక కూడా ఆ చెయ్యి కాసేపు భుజం మీదే ఉంది. ఆ సంగతి ఇద్దరూ గమనించనట్టే నటించారు.

చివరి గట్టు ఎక్కి ఆమె ఆగిపోయింది.

కింద కొండల మధ్య దాగిన పళ్ళెంలాంటి బురదనేల. గడ్డి మధ్య ఎక్కడ చూసినా తేనె రంగు పళ్ళు, కాడకొక్కటి, ఎండలో దీపాల్లా.

"ఇక్కడా..." అంది.

"ఎత్తు కదా, ఇక్కడ ఆలస్యంగా పండుతాయి. మా నానమ్మకి, నాకు తెలుసు. ఇప్పుడు నీకు." అతను బకెట్ ఆమె చేతిలో పెట్టాడు. "ఎర్రగా ఉన్నవి కోయకు, అవి పచ్చివి. పసుపు తిరిగి, ముట్టుకుంటే ఊడివచ్చేవే పండినవి."

ఆమె కదల్లేదు. "సిగ్వె, ఊళ్ళో ఒక్కరు కూడా నాకు ఒక్క పండు ఇవ్వలేదు. నువ్వు మొత్తం తావే చూపించావు. నేను రేపు వెళ్ళిపోతే?"

"తావు పోయినట్టే."

"ఇదేం వ్యాపారం?"

"నాకూ అర్థం కాలేదు," అన్నాడు. "మొన్న అడిగావు కదా, ఆ తర్వాత ఏమైందని. మొదట్లో నీ గదులు ఎన్ని నిండాయో లెక్కపెట్టేవాణ్ణి. తర్వాత నువ్వు ఎన్నిసార్లు నవ్వావో లెక్కపెట్టాను. ఆ లెక్క ఎక్కడ మొదలైందో తెలీదు, ఎక్కడా తేలడం లేదు. తూరున్‌కి ఇల్లు వద్దని చెప్పేశాను. ఇదేదో ఇచ్చి పుచ్చుకోవడం అనుకోకు. నాకు నువ్వు కావాలి ఇంగ్విల్డ్. ఇంటితోనైనా, ఇల్లు లేకపోయినా."

గాలికి పళ్ళు ఊగాయి. ఆమె బకెట్ పిడి మీద చెక్కిన గీతల్ని బొటనవేలితో తడిమింది. అతను ఆమె ముఖంలో జవాబు వెతికాడు.

"అట్లా చూడకు," అందామె మెల్లగా. "ఆవిరి ఆగకుండా మూత తీస్తే ఏమవుతుందో మర్చిపోయావా?"

"రెండు ముక్కలు."

"మరి ఆగు. కొయ్యి ముందు."

సిగ్వె జీవితంలో మొదటిసారి బేరం మధ్యలో నోరు మూసుకుని పని చేశాడు.

లాడ్జి భోజనాల గది కిక్కిరిసింది. క్లబ్బువాళ్ళు బల్లల నిండా, ఊడ్వార్ మూలలో, తూరున్ అత్త పొయ్యి పక్కన చేతులు కట్టుకుని. నానమ్మ అస్లౌగ్ కూడా వచ్చి మంచి కుర్చీ పట్టింది. పొద్దున్నే వాఫుల్ తినడం సిగ్గుచేటని గొణుగుతూ రెండోది తింటోంది.

పెనం మీంచి దిగిన వాఫుల్స్ మీద ముల్తె పళ్ళు, కొంచెం మెదిపి, చెంచాలతో పోశారు. పంచదార లేదు. గదిలో మాటలు తగ్గి, నమిలే శబ్దమే మిగిలింది. తూరున్ ఒక ముక్క తిని, కళ్ళు మూసుకుని, ఇంకో ముక్క తింది. తర్వాత సిగ్వె వైపు తిరిగింది.

"లైన్ బాగాలేదన్నావే. ఇప్పుడు బాగుందా?"

"ఇంకా గరగరమంటోంది తూరున్," అన్నాడు. అతని చూపు పొయ్యి దగ్గరే ఉంది. ఇప్పటిదాకా ఆమె అతనికి ఏమీ చెప్పలేదు. మొదటి వాఫుల్ కూడా పెట్టలేదు. కుక్క కూడు కూడా దక్కని స్థితిలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

అప్పుడు క్లబ్బు పెద్దమనిషి మూతి తుడుచుకుని లేచాడు. దక్షిణాది మనిషి, పెద్ద గొంతు.

"అమ్మాయ్! అద్భుతం. మధ్యాహ్నం మేము కూడా వెళ్ళి కోసుకుంటాం. ఈ ముల్తె పళ్ళు ఎక్కడ దొరికాయమ్మా?"

ఊడ్వార్ కాఫీ కప్పు గాల్లో ఆగింది. నానమ్మ ఫోర్కు పళ్ళెం మీద ఆగింది. సిగ్వె ఊపిరి కూడా అక్కడే ఆగింది. ఇంగ్విల్డ్ మర్యాదస్తురాలు. అడిగినవాడు అతిథి. అతని మీద వచ్చే వేసవులు ఆధారపడి ఉన్నాయి. నిజం చెబితే తప్పుపట్టడానికి కూడా లేదు.

ఇంగ్విల్డ్ పెనం మూతలోంచి ఆవిరి సన్నబడే దాకా చూసింది. తొందరపడలేదు. మూత తీసి, బంగారు రంగు తిరిగిన వాఫుల్‌ని చీలకుండా పళ్ళెంలోకి దించింది.

"దీపస్తంభం వెనకాల," అంది రెప్ప వెయ్యకుండా.

"దూరమా?"

"గాలి మీ వైపుంటే దగ్గరే."

ఊడ్వార్‌కి కాఫీ మళ్ళీ పొలమారింది. నానమ్మ అస్లౌగ్ ఫోర్కు కింద పెట్టి, మనవడి వైపు చూసి, ఊరందరికీ వినపడేలా అంది: "నా బకెట్ ఈ పిల్ల దగ్గరే ఉండనీరా. ఇక ఇది మన పిల్లే."

"ఇల్లు కూడా," అంది తూరున్.

సిగ్వె ఇంకా గోడ దగ్గరే ఉన్నాడు. ఇంగ్విల్డ్ పళ్ళెం పట్టుకుని బల్లల మధ్య నుంచి అతని దగ్గరికే వచ్చింది. అయిదు హృదయాలు కలిపి అచ్చు పోసినట్టున్న వాఫుల్, ఎక్కడా చీలిక లేకుండా, పైన ఆ పొద్దున ఇద్దరూ కోసిన పళ్ళు.

"ఇది మొదటిది కాదే," అన్నాడు.

"కాదు," అందామె. "ఆవిరి ఆగింది. తిను."

మధ్యాహ్నం క్లబ్బువాళ్ళంతా బుట్టలు పట్టుకుని దీపస్తంభం దారి పట్టారు. వాళ్ళు వెళ్ళేసరికి డాగ్నీ రాయి మీద నిలబడి, అందరి వైపూ ఎంతో జాలిగా చూస్తోంది.